ఆయుధపూజకు కట్టిన కవరు

మీలో చాలామంది ఈ మధ్యే హెల్మెట్టు నెత్తిన పెట్టుకున్నవాళ్లు. చేరిన రోజునే మీ చేతికి లావుపాటి భద్రతా పుస్తకం ఒకటి ఇచ్చి ఉంటారు. చదవండి, వద్దనను. అలాంటివి నేనే రెండు రాశాను. అయితే ముప్పై ఏళ్లు విషవాయువుల మధ్య తిరిగిన నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు ఆ పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఒక పాలిథీన్ కవరు, ఒక రబ్బరు బ్యాండు, పైన బంతిపూల దండ. అంతే. విని నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచి రెండు మూడేళ్లయిన రోజులవి. సాతంరాయి దాటాక బెంగళూరు రోడ్డు నుంచి లోపలికి ఒక మట్టిదారి ఉండేది. దాని చివర మా కోల్డ్ స్టోరేజీ. చేపలు, ఐస్‌క్రీములు, బఠానీలు, విమానం దిగినవీ విమానం ఎక్కాల్సినవీ అన్నీ అక్కడ గడ్డకట్టి కూర్చునేవి. నెత్తి మీదుగా విమానం పోతుంటే ఎదుటి మనిషి నోరు ఆడడం కనిపించేది, మాట వినిపించేది కాదు. మొదటి నెల చిరాకుపడ్డాను. తర్వాత ఆదివారాలు ఇంట్లో ఆ మోత లేకపోతే ఏదో వెలితిగా ఉండేది.

అంత సరుకునూ చల్లగా ఉంచేది అమ్మోనియా. పైపుల్లో ఉన్నంతసేపూ దానంత పనిమంతురాలు లేదు. బయటికొచ్చిందంటే మాత్రం తడి ఎక్కడుంటే అక్కడ పట్టుకుని కాలుస్తుంది. కన్ను, గొంతు, ఊపిరితిత్తులు. అది బయటికి రాకుండా చూడడానికి పెట్టుకున్న సేఫ్టీ ఆఫీసరును నేను. మాది గుంటూరు జిల్లా. కెమిస్ట్రీ డిగ్రీ, కాస్త నోరెక్కువ, ఇంకాస్త కోపమెక్కువ. చేతిలో రిజిస్టరు లేకపోతే ఊపిరాడని రకం. కప్పు మీద గాలి వాటం చూపించే గుడ్డ గొట్టం కట్టించింది కూడా నేనే. "విమానాలకు గాలి చెప్పనీకి ఎయిర్‌పోర్టోళ్లున్నరు, మనకెందుకు సార్?" అని లోడింగు వాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

కంప్రెసర్ రూము మొత్తం ఒక ఆపరేటరు చేతిలో ఉండేది. సొంతూరు సాతంరాయి. యాభై అయిదు దాటాడు. మా దగ్గరికి రాకముందు పాతబస్తీ పక్కన ఒక ఐసు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు చేశాడు. చదివింది ఏడో తరగతి. బేరింగు అరుపు విని ఇది ఎన్నాళ్లు నడుస్తుందో చెప్పేవాడు, చెప్పినట్టే అయ్యేది. అంతకంటే పేరుపడింది ఆయన ముక్కు. షిఫ్టు మొదట్లో రూమంతా ఒక చుట్టు తిరిగేవాడు. ప్రతి వాల్వు దగ్గరా వంగి గట్టిగా పీల్చి, బయటికొచ్చి రిజిస్టరులో "వాసన లేదు" అని రాసి సంతకం పెట్టేవాడు. ఆ గడి గీయించింది నేను. ఎంత తెలివైన పని చేశానోనని మురిసిపోయాను కూడా.

"గోడకున్న గ్యాసు మీటరుకు కరెంటు గావాలె సార్. నా మీటరుకు చాయ్ జాలు," అని ముక్కు మీద వేలు వేసి చూపించేవాడు.

అందరూ ఆయన్ని "మీటరన్న" అనేవాళ్లు. నేను కూడా నవ్వేవాణ్ని.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. ఊడ్చి తుడిచే పనికి కాంట్రాక్టు మీద వచ్చే ఆమె. జల్‌పల్లి వైపు నుంచి రెండు ఆటోలు మారి, అందరికంటే ముందు వచ్చేది. ఆపరేటరు నుంచి లారీ డ్రైవర్ల దాకా అందరికీ ఆమె అక్కే. మాట తక్కువ. చూపు మాత్రం గట్టిది. నేను ఎక్కడైనా కళ్లజోడు పెట్టి మరిచిపోతే చెప్పకుండానే తెచ్చి బల్ల మీద పెట్టి పోయేది.

ఇక ఆయుధపూజ. మీ ఫ్యాక్టరీల్లోనూ చేస్తారు, మీకు చెప్పక్కర్లేదు. మా దగ్గర కంప్రెసర్లకు దండలు, పైపులకూ వాల్వులకూ పసుపు, ఫోర్క్‌లిఫ్టు చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మం ముందు గుమ్మడికాయ, రూము నిండా సాంబ్రాణి. ముందటేడు ఆ సాంబ్రాణి పొగకు కంప్రెసర్ల మధ్య ఉన్న గ్యాసు సెన్సరు ఒకటే మోత మొదలెట్టింది. మా మేనేజరుగారు హారతి పళ్లెం వదలకుండా గేటు దాకా పరిగెత్తారు. ఆయన వెనక పూజారి. ఏడాది పొడుగునా ఆ కథ చెప్పుకుని నవ్వారు.

అందుకని ఆ సంవత్సరం ముందు జాగ్రత్త పడ్డాను. చూశారా, జాగ్రత్త అన్నమాట! ఉన్నది ఒక్కటే సెన్సరు. నేనే స్టూలెక్కి, దాని నోటికి పాలిథీన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేశాను. ఇలాంటి పని ఇంకెవరైనా చేస్తే ఉద్యోగం పీకించేవాణ్ని. స్టూలు ఊగుతుంటే కింద పట్టుకున్నది అక్క.

"తీసేటప్పుడు గూడ పిలువుండ్రి సారు. స్టూలు మంచిగ లేదు, పడ్తరు," అంది.

"పూజ అవగానే తీస్తాలేమ్మా," అన్నాను.

కవరు బయటికి కనబడితే బాగుండదని దాని మీద ఒక దండ వేయించాను. పూజ బ్రహ్మాండంగా జరిగింది. సెన్సరు కుయ్యిమనలేదు. ప్రసాదం పొట్లం తీసుకుని, నా బస్సు టైమైపోతోందని హడావుడిగా బయల్దేరి ఊరికి వెళ్లిపోయాను. పండక్కి మా వాళ్లందరితో హాయిగా గడిపాను. ఆ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా ఆ కవరు నా తలలోకి రాలేదు.

తిరిగి వచ్చిన రోజు పొద్దున నా బల్ల మీద మూడు రోజుల రిజిస్టర్లున్నాయి. ఆపరేటరు వచ్చి జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, "బంగారం తీస్కోండ్రి సార్," అని గట్టిగా కావలించుకున్నాడు. మా వైపు ఈ పద్ధతి లేదు. మొదటేడు బిగుసుకుపోయాను గానీ, తర్వాత దసరా అయిందంటే దాని కోసమే ఎదురుచూసేవాణ్ని. ఆయన కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

"ఏమయ్యా, పండగ బాగా చేసుకున్నట్టున్నావే!" అన్నాను, కల్లు సంగతి మనసులో పెట్టుకుని.

"దసరా గద సార్," అని నవ్వి కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

కాసేపటికి అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సారు, లోపట ఒక వాల్వు కాడ పసుపు ఎర్రగైంది."

"కుంకుమ కలిసుంటుందిలేమ్మా."

"ఆడ కుంకుమ పెట్టలే సారు. పసుపు పూసింది నేనే. కాళ్లకు పెట్టుకునే పారాణి లెక్కయింది."

"వాసనేమైనా వస్తోందా?"

"ఆ రూముల ఎప్పుడూ ఇంతంత ఉండనే ఉంటది. నేను మూతికి కొంగు కట్టుకొనే ఊడుస్త. ఎంతొస్తే ఎక్కువనో నాకేమెరుక?"

మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సింది నేను. నేనేం చేశాను? కుర్చీలోంచి లేవకుండా బల్ల మీది ఇంటర్‌కం నొక్కాను. "ఏమయ్యా, అక్కడ వాసనేమైనా ఉందా?" అని అడిగాను. "ఏం లేదు సార్, అంత మంచిగుంది," అన్నాడు ఆపరేటరు. గోడ మీది ప్యానెల్ వైపు చూశాను. సున్నా. పచ్చ లైటు. సెన్సరు లేదంటోంది, ముక్కు లేదంటోంది, పసుపు ఒక్కటీ ఉందంటే నమ్ముతానా? "ఆ పసుపు తుడిచేసి కొత్తది పెట్టమ్మా, సరిపోతుంది," అని పంపించాను. ఆమె మీద విసుక్కున్నాను కూడా. దాచడం ఎందుకు?

ఆమె చెప్పింది చెప్పినట్టు చేసింది. పాత పసుపు తుడిచి, కొత్తది తడిపి పూసి, అక్కడే నిలబడి చూసింది. అరగంట కాకముందే మళ్లీ వచ్చింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు, లోపలికొచ్చి బల్ల ముందు వేలు చాపింది. వేలికి అంటిన పసుపు ఇటుకపొడి రంగులో ఉంది.

"మల్ల ఎర్రగైంది. చూడుండ్రి."

చూశాను. అప్పుడు తట్టింది. బడిలో మా కెమిస్ట్రీ మాస్టారు పసుపు కాగితం మీద సున్నపు నీళ్ల బొట్టు వేసి, అది ఎర్రబడితే "క్షారంరా వెధవల్లారా" అని అరిచేవాడు. అమ్మోనియా కూడా అలాంటిదే. ఆ డిగ్రీ చూపించే నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు! ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. స్టూలు. కవరు.  చెప్పుల్లో కాళ్లు సరిగా దూర్చకుండానే పరిగెత్తాను.

కంప్రెసర్ రూము తలుపు తీయగానే ముక్కులో సూదులు గుచ్చినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పైన సెన్సరు మీద దండ వాడి వేలాడుతోంది, దాని సందులోంచి నా కవరు మెరుస్తోంది. లోపల మా ఆపరేటరు ఆ వాల్వు దగ్గరే వంగి ఉన్నాడు. చేతిలో స్పానరు.

"ఏంది సార్ గట్ల ఉరికొచ్చిన్రు? అక్క ఒకటే లొల్లి జేస్తుంది గదా అని చూస్తున్న. రెండు తిప్పులు తిప్పితే అయిపాయె."

"ముట్టుకోకు! బయటికి రా ముందు!"

"సార్..."

"రమ్మన్నానా! వాసన రావట్లేదా నీకు?"

ఆయన మాట్లాడలేదు. నేను చెయ్యి పట్టి బయటికి లాగి, తలుపు పక్కనున్న ఎర్ర బటన్ నొక్కాను. కంప్రెసర్లు ఆగిపోయాయి. గంట మోగింది. లోడింగు వాళ్లు లారీలు ఆగే డాకులోంచి పరిగెత్తుకొచ్చి అలవాటుగా ముందు గేటు వైపు తిరిగారు. పైన గుడ్డ గొట్టం కూడా ముందు గేటు వైపే లేచి ఉంది. గాలి అటు పోతోందంటే గ్యాసూ అటే పోతుంది. "అటు కాదు, వెనక్కి, వెనక్కి!" అని గొంతు పోయేలా అరిచి అందరినీ వెనక గేటు వైపు మళ్లించాను. ఆ గొట్టం గురించి ఆ తర్వాత ఎవరూ ఎగతాళి చేయలేదు.

తలలు లెక్కపెడుతుంటే ఒకటి తగ్గింది. ఆపరేటరు. వెనక్కి తిరిగి చూద్దును గదా, స్పానరు పట్టుకుని మళ్లీ రూము వైపు నడుస్తున్నాడు. మెషీన్లు ఆగితే సరుకు కరుగుతుంది, తన రూములో లీకేజీ తనకు తెలియకుండా ఉండడమా అనే పౌరుషం ఒకటి. నేను అంత దూరం నుంచి అరిస్తే ఒక విమానం సరిగ్గా అప్పుడే నెత్తిన వచ్చింది.

నా పక్కనుంచి పరిగెత్తి ఆయనకు అడ్డం నిలబడ్డది అక్క. తలుపుకు అడ్డంగా చీపురు పెట్టి నిలబడింది. నేను రొప్పుకుంటూ చేరేసరికి విమానం దాటిపోయింది, ఆమె మాట వినిపించింది.

"ముక్కు ఎట్లనో పోయింది గద అన్నా. ఇగ కండ్లు గూడ పోగొట్టుకుంటవా?"

ఆయన అక్కడే ఆగిపోయాడు. స్పానరు పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

"ముక్కు పోవడమేమిటి?" అన్నాను.

ఇద్దరినీ వెనక గేటు దగ్గరికి తీసుకెళ్లాక మళ్లీ అడిగాను. లోడింగు వాళ్లంతా నేల చూపులు చూస్తున్నారు. అంటే అందరికీ తెలుసన్నమాట! ఈ ప్రాంగణంలో తెలియనివాణ్ని నేనొక్కణ్నే.

"రెండేండ్లాయె సారు," అంది అక్క చివరికి. "ఒకనాడు టిఫిన్ల పప్పు పాసిపోయి వాసన కొడ్తుంటే గట్లనే తింటుండె. నేనే గుంజుకున్న. అప్పటికెల్లి ఆయన తినేముందు నేను చూస్త."

మెకానిక్కులిద్దరు ఊపిరి సిలిండర్లు వీపున తగిలించుకుని లోపలికెళ్లారు. వాల్వుకు రెండు వైపులా లైను మూసి, మధ్యలో ఉన్న గ్యాసును ఖాళీ చేశారు. మధ్యాహ్నానికి గాలి శుభ్రపడింది. అప్పుడు ఆ వాల్వు విప్పుదామని మొదటి బోల్టుకు స్పానరు ఆనించారు. తిప్పనే లేదు, పటుక్కున విరిగింది. చల్లటి పైపు మీద ఎప్పుడూ ఉండే చెమ్మకు లోపల్లోపలే తుప్పు తినేసింది. పైన మాత్రం పెయింటు నిగనిగలాడుతోంది. గ్యాసు నిండి ఉన్నప్పుడు పొద్దున ఆయన వేయబోయిన ఆ రెండు తిప్పులు వేసి ఉంటే, ధార నేరుగా వంగి ఉన్న ఆ ముఖాన్నే కొట్టేది.

ఆయన విరిగిన బోల్టు ముక్క తీసుకుని డాకు మెట్ల మీద కూర్చున్నాడు. చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"కండ్లు పోతుండె గద సార్," అన్నాడు.

నేను పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పాడు. ఐసు ఫ్యాక్టరీ రోజుల నుంచే ముక్కు కొంచెం కొంచెంగా మొద్దుబారిందట. ఎప్పుడు పూర్తిగా పోయిందో ఆయనకే తెలియదు. "ముక్కు లేదని చెప్తే నన్నెవరు పెట్టుకుంటరు సార్? ఇంక మూడేండ్లుంది నౌకరి. నాకొచ్చిన పని గిదొక్కటే," అన్నాడు. వాల్వుల దగ్గర వంగి పీల్చడం మా అందరి కోసం ఆడిన నాటకం. కానీ వంగినప్పుడు వినేవాడట. లీకయితే సన్నగా ఈల వినబడుతుందని. ఇన్నాళ్లూ చెవితో నెట్టుకొచ్చాడు. ఈ లీకు ఈలలేనిది.

సాయంత్రం మేనేజరుగారు నన్ను పిలిచారు. మంచివాడే, కాకపోతే ఫైలు త్వరగా మూయాలనే ఆత్రం.

"ఏమండీ, ముక్కు పనిచేయని మనిషి ఉద్యోగం కోసం దాచాడు, తప్పుడు రిజిస్టరు రాశాడు. రేపు రిపోర్టు పెట్టండి, పంపించేద్దాం. ఆ కవరు సంగతి... పండగ హడావుడి. అదంతా రాయాల్సిన పని లేదు," అన్నారు.

ఆ మాట వినగానే నాకు కోపం వచ్చి ఉండాలి. రాలేదు. హమ్మయ్య అనిపించింది. మర్నాడు పొద్దున కూర్చుని రిపోర్టు రాశాను. రెండు పేజీలు. ఒక్క అబద్ధం లేదు. ఆపరేటరు వాసన పట్టలేడు, నిజం. దాచాడు, నిజం. రోజూ "వాసన లేదు" అని సంతకం పెట్టాడు, నిజం. సెన్సరు "పనిచేయలేదు" అని కూడా రాశాను, అదీ నిజమే. ఎందుకు పనిచేయలేదో మాత్రం రాయలేదు. నా సంతకం పెట్టడానికి పెన్ను మూత తీశాను.

అక్క లోపలికొచ్చింది. బల్ల తుడిచింది. రిపోర్టు కాగితాలు ఎత్తి, కింద తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది. ఆమెకు చదువు రాదు. తర్వాత కొంగుముడిలోంచి ఏదో తీసి నా కళ్లజోడు పక్కన పెట్టింది. ఆ పాలిథీన్ కవరు. కడిగి, ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టింది. పైన రబ్బరు బ్యాండు.

"మీదే గద సారు. తీసేటప్పుడు పిలుస్తరేమో అని చూసిన. ఇగ మెకానిక్కులే తీసిన్రు," అని బక్కెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

ఎత్తిపొడుపు కాదది. నేను మరిచిపోయిన వస్తువులన్నీ ఎలా తెచ్చిపెట్టేదో ఇదీ అలాగే తెచ్చిపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే, బల్ల ముందు కూర్చుని, ఆ వయసులో. ఆ రెండు పేజీలూ చింపేశాను. కొత్త రిపోర్టులో మొదటి వాక్యం ఇలా రాశాను: "సెన్సరుకు కవరు కట్టినది నేను, తీయడం మరిచినది నేను, అక్క చెప్పినా లేచి వెళ్లనిది నేను." తర్వాత రాసింది, ఒక మనిషి ముక్కును పరికరంగా వాడుకుంటూ ఆ ముక్కును ఒక్కసారైనా పరీక్షించలేదని. ఆయన వినికిడి లాంటిది ఈ కంపెనీకి ఇంకెక్కడా దొరకదని, ఆయన్ని పంపించేట్టయితే ముందు నన్ను పంపాలని చివర్లో రాశాను. మేనేజరుగారు చదివి తల పట్టుకున్నారు. "మీకేమైనా పిచ్చా?" అన్నారు. అయినా పైకి పంపారు, అది ఆయన మంచితనం.

నాకు మెమో వచ్చింది. రావాల్సిన ప్రమోషను ఇంకొకరికి వెళ్లింది. ఆపరేటరు ఉద్యోగం నిలబడింది. కంప్రెసర్ల బాధ్యత తీసేసి, కొత్తగా వచ్చే ఆపరేటర్లకు మెషీను చప్పుళ్లు నేర్పే పని ఇచ్చారు. కళ్లు మూసుకుని వినమని వాళ్లను నిలబెట్టేవాడు. "గిది దగ్గు, గిది ఎక్కిలి, గది సావు కేక," అని మెషీన్ల భాష చెప్పేవాడు. సెన్సర్లు మూడు పెట్టించాం. ఆయుధపూజకు వాటిలో ఒకదానికే కవరు కడతాం. కట్టినవాడి మెడలో ఎర్ర బిళ్ల వేస్తాం. కవరు తీసేదాకా ఆ బిళ్ల తీయకూడదు, గేటు దాటకూడదు. మొదటేడు ఆ బిళ్ల వేసుకుని పూజలో కూర్చున్నది నేనే. ఫోటో కూడా ఉంది. ఇక వాల్వులకు పసుపు పూయడం పండక్కే కాక వారానికోసారి చేయమని అక్కను అడిగాం. తనిఖీకి వచ్చిన ఒక పెద్దాయన "ఇదేం మూఢనమ్మకం?" అన్నాడు. అమ్మోనియా సీసా మూత తీసి, పసుపు రాసిన కాగితం దాని మూతి దగ్గర పెట్టి చూపించింది అక్క. ఆయన కళ్లజోడు సర్దుకుని రాసుకున్నాడు.

మూడేళ్లకు ఆపరేటరు రిటైరయ్యాడు. శాలువా, ఫోటోలు అన్నీ అయ్యాక గేటు బయట చాయ్ బండి దగ్గర ఇద్దరం నిలబడ్డాం. అన్నాళ్లూ నా గొంతులో ఉండిపోయిన మాట అప్పుడు అడిగాను.

"ముక్కు సంగతి అక్కకు తెలుసు, లోడింగు వాళ్లకు తెలుసు. నాకెందుకు చెప్పలేదయ్యా? నేనేం పరాయివాణ్నా?"

ఆయన చాయ్ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"వాసనొస్తుందా అని దినాం అడిగిన్రు సార్. నీకు వాసన తెలుస్తుందా అని ఒక్కనాడు గూడ అడగకపోతిరి."

"అడిగితే చెప్పేవాడివా?"

"ఎందుకు చెప్పకపోదును?" అన్నాడు. "అబద్ధం రిజిస్టర్ల రాసిన, ఆ ఫోన్ల చెప్పిన. మీరు లేచొచ్చి, ఎదురుంగ నిలబడి అడిగితే ఏనాడన్న అబద్ధం చెప్పిన్నా సార్?"